తెల్లారేదాకా ఆగకండమ్మా

అక్కచెల్లెళ్లూ, ఈసారి ముచ్చట గొంతు తగ్గించి చెప్పుకునేది. కానీ చెప్పుకోక తప్పనిది.

ఆ మధ్య మా పిన్ని కూతురు అర్ధరాత్రి ఫోన్ చేసింది. "అక్కా, ఆయనకి దెబ్బ తగిలింది" అంటుందే గానీ ఎక్కడో చెప్పదు. గట్టిగా అడిగితే ఏడ్చేసింది. ఇద్దరూ దగ్గరగా ఉన్న వేళ టప్‌మని చప్పుడైందట. అతను నొప్పితో మెలికలు తిరిగిపోయాడట. అంగం వెంటనే మెత్తబడి, చూస్తుండగానే వాచి వంకాయలా నల్లబడిందట. "ఎవరికన్నా తెలిస్తే పరువు పోతుంది, పొద్దున చూద్దాం అంటున్నాడక్కా" అంది. "పరువు సంగతి తర్వాత, ముందు ఆటో ఎక్కండి" అన్నాను.

అక్కడ ఎముక ఉండదు. అయినా ఈ గాయాన్ని డాక్టర్లు ఫ్రాక్చర్ అనే అంటారు. అంగం లోపల రక్తం నిండే రెండు గొట్టాల్లాంటి భాగాలకి గట్టి పొర ఉంటుంది. మామూలప్పుడు సుమారు 2 మిల్లీమీటర్లుండే ఆ పొర అంగం గట్టిపడినప్పుడు సాగి, అర మిల్లీమీటరుకి, ఇంకా తక్కువకి పలచబడుతుంది. అప్పుడు ఒక్కసారిగా వంగితే చిరిగిపోతుంది. ఆపరేషన్ చేసి గడ్డకట్టిన రక్తం తీసేసి, ఆ చిరుగు కుడతారు. మూత్రం రాకపోయినా, రక్తం కనబడినా మూత్రనాళం కూడా తెగిందేమో చూస్తారు.

మా చెల్లి మొగుడికి ఆ తెల్లవారుజామునే కుట్లు పడ్డాయి. నెలా పదిహేను రోజులు దూరంగా ఉండమన్నారు. డిశ్చార్జి కాగితం నిండా మాత్రల పేర్లే. మా చెల్లి గుండెల్లో ఉన్న ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. "అక్కా, మళ్లీ మామూలుగా అవుతాడా? పిల్లలు పుడతారా?"

అవుతాడమ్మా. త్వరగా కుట్టించుకున్నవాళ్లలో ఎక్కువమందికి పటుత్వం మునుపటిలాగే తిరిగి వస్తుంది, ఏళ్లు గడిచినా నిలుస్తుంది. వీర్యకణాలు తయారయ్యేది వృషణాల్లో, వాటికీ ఈ చిరుగుకీ సంబంధం లేదు. కొందరికి కాస్త వంకర మిగలొచ్చు, కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. నాళం కూడా తెగినవాళ్లకి తర్వాత మూత్రం ధార సన్నబడితే మళ్లీ చూపించుకోవాలి. అసలు కుట్టించుకోకుండా ఐసు ముక్కలతో సరిపెట్టుకున్నవాళ్లకే వంకర, బలహీనత ఎక్కువ. రెండు మూడు రోజులు ఆలస్యమైనా సరే, వెళ్తే మేలే.

నాలుగో నెలలో అతని చేతికి కుట్టు దగ్గర కందిపప్పు బద్దంత ముడి తగిలింది. కాన్సరేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. అది కుట్టు మానిన మచ్చేనని డాక్టరు చెప్పాక గానీ కుదుటపడలేదు. ఇక మా చెల్లి బాధ వేరు. "నా వల్లే జరిగింది" అని మంచం చివరికి జరిగి పడుకునేది. శరీరం మానినా ఆ భయం మానడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. నాకైతే ఆపరేషన్ కంటే ఇదే కష్టమనిపించింది. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, ఇద్దరి భయాలూ అడిగేశాకే వాళ్ల మధ్య మాటలు మొదలయ్యాయి.

అందుకే అడుగుతున్నాను. చప్పుడు, నొప్పి, వెంటనే వాపు కనబడితే ఆ రాత్రే యూరాలజీ డాక్టరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అతను సిగ్గుపడి వద్దన్నా సరే, మీరు తలుపు తీసి బయల్దేరండి.