గుర్రంకొండలో ఆఫ్రికాన్స్ ఓనమాలు

ఆఫ్రికాన్స్ అనే భాష నేర్చుకోవాలని నేనెన్నడూ కలలో కూడా అనుకోలేదు. మా ఊరు గుర్రంకొండ. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, కుప్పం బంధువుల నోట తమిళం, పుంగనూరు దాటితే కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. ఇన్ని చాలవా అనుకునేవాణ్ణి. అటువంటి నాకు, ఈ కళాశాల వదిలి బడిపంతులునై చాలా ఏళ్ళు గడిచాక, మా ఊరి కోట కింద చెట్టు నీడన కూర్చోబెట్టి ఒక అవ్వ ఆ భాషకు ఓనమాలు దిద్దించింది. ఆ పాఠాన్నే మన సంచిక ద్వారా విద్యార్థి మిత్రులకు అందిస్తున్నాను.

అవ్వ వచ్చింది దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి. చేతిలో ఓడ పట్టిక నకలు ఒకటి. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా సుమారు లక్షన్నర మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. వారిలో ఎక్కువ మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. తమిళులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు. పట్టికలో మనిషికొక నెంబరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు రాసేవారు. అవ్వ కాగితంలో కడప జిల్లా, వాయల్పాడు తాలూకా అని ఉంది. ఊరి పేరు మాత్రం మాసిపోయింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు కడపలోనివే గనుక తాత మన ప్రాంతం వాడేనని తెలుస్తోంది. ఏ ఊరో చెప్పేవారు లేరు. అందుకని ఊరూరూ చూస్తూ వచ్చిందామె.

"గుర్రంకొండ అంటే ఏమి?" అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. అవ్వ పకపకా నవ్వింది. "మా దేశంలో కూడా ఉండాది! పెర్డెకొప్!" అంది. 'పెర్ట్' అంటే గుర్రం, 'కొప్' అంటే తల, కొండ. ఎంపుమలాంగా రాష్ట్రంలో ఆ పేరుతో నిజంగానే ఒక చిన్న పట్నం ఉంది. మన సమాసాల మాదిరే వాళ్ళూ రెండు మాటలు కలిపి ఒకటి చేస్తారు. పాఠం అట్లా మొదలైంది.

ముందు ఉచ్చారణ. ఆఫ్రికాన్స్ రాత ఇంగ్లీషు అక్షరాలతోనే. అయితే ఇంగ్లీషు 'జీ' అక్షరాన్ని గొంతులోంచి 'ఖ' అని పలకాలి. మన సాయిబుల ఇళ్ళలో 'ఖబర్' అంటారే, ఆ 'ఖ'. కనుక మా గుర్రంకొండ పిల్లలకు ఇది చిటికెలో పని. 'ఖూయె మోరె' అంటే శుభోదయం. 'హూ ఖాన్ డిట్?' అంటే ఎట్లా ఉన్నారు? 'బాయె డాంకి' అంటే చాలా కృతజ్ఞతలు. 'డబ్ల్యూ'ను 'వ' అనీ, 'వీ'ని 'ఫ' అనీ, 'జే'ని 'య' అనీ పలకాలి. 'మెయ్ నామ్ ఇస్' అని మొదలుపెట్టి మీ పేరు చెప్పుకోండి. 'నామ్' అనే మాటకూ సంస్కృతంలోని నామానికీ చుట్టరికం ఉంది.

రెండోది క్రియ. ఇక్కడ విద్యార్థి ప్రాణం లేచివస్తుంది. తెలుగులో చేశాను, చేశావు, చేశాడు, చేసింది అని క్రియ పురుషను బట్టి, లింగాన్ని బట్టి రూపు మారుస్తుంది. ఆఫ్రికాన్స్‌లో ఆ బాధ లేదు. 'ఎక్ వెర్క్' నేను పనిచేస్తాను, 'యెయ్ వెర్క్' నువ్వు, 'హెయ్ వెర్క్' అతడు, 'ఒన్స్ వెర్క్' మనం. అందరికీ ఒకే 'వెర్క్'. రేపటికి 'సాల్' చేర్చితే చాలు: 'ఎక్ సాల్ వెర్క్'. నిన్నటికి 'హెట్' పెట్టి, క్రియకు ముందు 'ఖ' తగిలించాలి: 'ఎక్ హెట్ హీర్ ఖవెర్క్', అంటే నేను ఇక్కడ పనిచేశాను. చూడండి, క్రియ మన తెలుగులో లాగా వాక్యం చివరికి వచ్చి కూర్చుంది! అయితే మనకున్న 'మనం', 'మేము' అనే తేడా వాళ్ళకు లేదు. రెండింటికీ 'ఒన్స్' ఒక్కటే.

మూడోది, మనకు సొంతింటి మాటలా తోచేది, ద్విరుక్తి. మనం గబగబా అంటే వాళ్ళు 'ఖౌఖౌ' అంటారు. మనం అక్కడక్కడ అంటే వాళ్ళు 'ప్లెక్ ప్లెక్' అంటారు. మర్యాదలోనూ పోలిక ఉంది. రక్తసంబంధం లేకపోయినా పెద్దవాణ్ణి 'ఊమ్' అనీ, పెద్దామెను 'టాని' అనీ పిలుస్తారు. మామా, అత్తా అని మనం పిలిచినట్టే. "నన్ను టాని అనొద్దు, అవ్వా అను" అంది ఆమె. అది ఆమెకు మిగిలిన పది తెలుగు మాటల్లో ఒకటి.

ఈ భాష ఎట్లా పుట్టింది? 1652లో డచ్చి కంపెనీ వారు కేప్‌లో మకాం వేశారు. అక్కడికి ఇండోనేషియా నుంచి, మడగాస్కర్ నుంచి, మన బంగాళాఖాతపు తీరం నుంచి కూడా బానిసలను తెచ్చారు. యజమానుల డచ్చి వీరందరి నోళ్ళలోనూ, స్థానికుల నోళ్ళలోనూ నలిగి నలిగి కొత్త భాష అయింది. దాన్ని వంటింటి భాష అని ఎగతాళి చేసేవారు. 'బాయె', అరటిపండుకు 'పీసాంగ్' మలయ్ నుంచి వచ్చాయి. మంచానికి 'కాటెల్' అంటారు. కుప్పం వైపు తమిళులు 'కట్టిల్' అంటారే, అదే. కేప్ ముస్లింలు 19వ శతాబ్దంలో ఈ భాషను అరబ్బీ లిపిలో రాసుకున్నారు. 1925లో అది ప్రభుత్వ భాష అయింది.

ఆ తర్వాత వంటింటి భాష అధికార పీఠమెక్కింది. వర్ణ వివక్ష ప్రభుత్వం నల్లవారి బడుల్లో సగం పాఠాలు ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలంది. 1976 జూన్ 16న సొవెటోలో పిల్లలు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. అప్పటికి అవ్వ డర్బన్‌లో భారతీయుల బడిలో చదువు ముగించింది. ఆమెకూ ఆఫ్రికాన్స్ తప్పనిసరి పాఠమే. పద్యాలు అప్పజెప్పకపోతే చేతి మీద దెబ్బలు. ఇంట్లో అమ్మ తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలికేదట.

నాలుగో పాఠం, 'కాదు'. ఆఫ్రికాన్స్‌లో సాధారణంగా 'ని' అనే మాటను రెండుసార్లు చెప్పాలి. క్రియ తర్వాత ఒకటి, వాక్యం చివర ఒకటి. ఉదాహరణ చెప్పమన్నాను. అవ్వ కాసేపు కోట వైపు చూసి, "ఎక్ ప్రాట్ ని తెలుగు ని" అంది. నేను తెలుగు మాట్లాడను. వ్యాకరణం నాకు అర్థమైంది. కానీ పలకలేక తల వంచుకున్నాను. ఎందుకంటే, మా బళ్ళో తెలుగు మాట్లాడిన పిల్లవాడికి జరిమానా వేసే రోజుల్లో నేనూ ఆ జరిమానా పుస్తకం రాసినవాణ్ణే.

"ఆ భాష మీద కోపం లేదా అవ్వా?" అని అడిగాను. లేదంది. ఈనాడు ఆ భాష మాట్లాడేవారిలో సగానికి మించి తెల్లవారు కారట. ఆమె ఇరుగు పొరుగు వారు అందులో పాడుకుంటారు, ఏడుస్తారు. కోపమల్లా అమ్మకు బదులు చెప్పని తన నోటి మీదేనట.

ఆమె దేశపు 1996 రాజ్యాంగం గౌరవించవలసిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ వెలసింది. చట్టం పేరు కాపాడగలదు, సభ పండుగ జరపగలదు. అమ్మ పిలిస్తే పలకవలసింది మాత్రం మనమే.

సాయంత్రం బస్సెక్కే ముందు అవ్వకు నేనూ ఒక పాఠం చెప్పాను: 'మా తాతది ఈ పక్క ఊరే.' నాలుగైదుసార్లు పలికింది. కండక్టరు ఎక్కడికని అడిగితే టిక్కెట్టు సంగతి మరచి అదే వాక్యం చెప్పింది. బస్సంతా నవ్వింది, ఆమె కూడా. తర్వాత కిటికీలోంచి నా వైపు వంగి, "ఎక్ ప్రాట్ అ బీకి తెలుగు" అంది.

'బీకి' అంటే కొంచెం. మిత్రులారా, ఆ వాక్యంలో 'ని' ఒక్కటి కూడా లేదు.

మరునాడు బడికి వెళ్ళి జరిమానా పుస్తకం హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టి, ఇక నేను రాయనని చెప్పి వచ్చాను.