నడుమునకు తోడుపడు తొడుగు పనిముట్టు

ధాన్యము కల్లములో రాశి పడినతోడనే సేద్యపు శ్రమ ముగిసినదని మనము తలంతుము. కాని సంచులకెత్తుట, కాటాపై పెట్టుట, బండికెక్కించుట, గిడ్డంగిలో నెట్టు కట్టుట అను పనులు అప్పుడే ఆరంభమగును. వీని భారమంతయు మనుష్యుని నడుముపై బడును. ఎద్దు మెడ పుండుపడినచో వెంటనే కాడి దింపుదుము. హమాలీ నడుమునొప్పి కంటికి కానరాదు గావున ఉపేక్షింతుము.

ఈ శ్రమను కొంత తగ్గించుటకై దేహముపై ధరించు పనిముట్లు కొన్ని దేశములలో వాడుకలోనికి వచ్చినవి. వీనిని ఎక్సోస్కెలిటన్లందురు. పీతకును రొయ్యకును వలె దేహమునకు వెలుపల నుండు ఎముకల గూడని దాని భావము. మన సంఘములు వీనిని కొనదగునా యని తెలిసికొనుటకు ముందు, నడుముపై బరువు పడు రీతిని తెలిసికొనవలెను.

1. బరువు పెరుగు విధము

గడపారతో బండను కదల్చినవారికి మీట సంగతి తెలియును. వంగి బరువెత్తునప్పుడు నడుము క్రింది కీలు మీటకు ఆనికయగును. వెన్నువెంట నుండు కండరములు ఆ కీలునకు సుమారు 5 సెంటీమీటర్ల వెనుకనుండి లాగును. చేతిలోని సంచి 50 సెంటీమీటర్లు ముందున్నదనుకొందము. అప్పుడు 20 కిలోల సంచికై కండరములు పదిరెట్లు, అనగా 200 కిలోల బలముతో లాగవలెను. వంగిన దేహపు బరువు దీనికి అదనము. ఈ లాగుడంతయు వెన్నుపూసల నడిమి మెత్తని బిళ్లలను నొక్కును. అదే సంచిని దేహమునకు చేర్చి 25 సెంటీమీటర్ల దూరమున పట్టినచో ఆ 200 కిలోలు 100 అగును. కాసు ఖర్చు లేని ఈ సూత్రమును ప్రతివాడును నేర్వవలెను.

2. పనిముట్టు పనిచేయు విధము

ఏతామున కడవను దింపునప్పుడు వెనుక కొననున్న రాయి పైకి లేచును. నీరు తోడునప్పుడు ఆ రాయి దిగుచు మనకు సాయపడును. ఈ పనిముట్టు నీతియు నదియే. ఇందు రాతికి బదులు స్ప్రింగులు గాని సాగెడు రబ్బరు పట్టీలు గాని యుండును. మనుష్యుడు వంగునప్పుడు అవి సాగి బలమును నిలువచేసికొని, లేచునప్పుడు తిరిగి యిచ్చును. అందువలన నడుము కండరములకు లాగవలసిన పని కొంత తగ్గును. రొమ్ముపైనో భుజములపైనో ఒక కొనయు, తొడలపై రెండవ కొనయు ఆనియుండును.

విద్యుత్తు బ్యాటరీతో నడచునవియు, గాలి ఒత్తిడితో నడచునవియు వేరుగ గలవు. టోక్యో విజ్ఞానశాస్త్ర విశ్వవిద్యాలయపు పరిశోధననుండి పుట్టిన ఇన్నోఫిస్ కంపెనీవారు 2019లో అమ్మకమునకు తెచ్చిన మజిల్ సూట్ ఎవ్రీ అనునది గాలితో పనిచేయును. దీనికి విద్యుత్తు అక్కరలేదు. చేతిపంపుతో గాలి నింపినచో చాలును. దీని తూకము 3.8 కిలోలు.

3. లాభమును, హద్దును

స్ప్రింగుల రకపు పనిముట్లపై జరిగిన పరీక్షలను 2016లో సమీక్షించిన పండితులు, వెన్ను కండరముల శ్రమ నూటికి 10 మొదలు 40 వంతులవరకు తగ్గినదని తెలిపిరి. ఇది కొలదికాలపు పరీక్షలలో కొలిచిన లెక్క. ఏండ్ల తరబడి ధరించినచో నడుము వ్యాధులు తగ్గునని దీనివలన రుజువు కాలేదు. అంగడిలో దొరకు వెడల్పు నడుము బెల్టుకును దీనికిని సంబంధము లేదు. ఆ బెల్టు ఆరోగ్యవంతులైన పనివారిని గాయములనుండి కాపాడునని చెప్పుటకు ఆధారము చాలదని అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థవారు 1994లోనే ప్రకటించిరి.

నేలనుండి మొలయెత్తునకు సంచి నెత్తుటయందును, వంగి నిలిచి చేయు పనులయందును ఈ పనిముట్టు తోడుపడును. వీపుపైనో తలపైనో బస్తా మోయువానికి ఆ బస్తా బరువును తగ్గింపజాలదు. బల్లపై నడచి లారీ యెక్కువానికి అడ్డు కావచ్చును. వేసవియందు చెమటయు, రొమ్ముపై ఒత్తిడియు బాధించును. నొప్పి యున్నవారు దీనిని మందుగ నెంచక వైద్యుని చూడవలెను.

4. సంఘములు చేయదగిన పని

మొదట బరువును తగ్గింపవలెను. ఒక్కడు మోయు బరువు 55 కిలోలకు మించియున్నచో త్వరలో ఆ హద్దునకు దింపవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసెను. మనలో 75 కిలోల బస్తా లెక్క యింకను పోలేదు. 2018లో యూరియా సంచి 50 కిలోలనుండి 45 కిలోలకు దిగినది. సంచి చిన్నదైనందున సేద్యము చెడలేదు.

పిమ్మట మొలయెత్తు అరుగు కట్టింపవలెను. చక్రముల బండి కొనవలెను. పెద్ద సంచిని ఇద్దరు పట్టునట్లు ఏర్పరుపవలెను. ఇవన్నియు చేసినను వంగి యెత్తు పని మిగిలినచో, ఒక్క పనిముట్టును తెప్పించి కొన్ని వారములు పరీక్షింపవలెను. ధరించు హమాలీలే, స్త్రీలైనను పురుషులైనను, దాని మంచిచెడ్డలు చెప్పవలెను. ఖర్చు సంఘము భరింపవలెను గాని కూలిలో కోయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. తొడుగు ఉన్నది గదా యని పూటకు పది బస్తాలు హెచ్చుగ మోయించినచో, తగ్గిన శ్రమ మరల ఆ నడుముపైనే పడును. పనిముట్టు మిగిల్చిన బలము మోయువానిదే గాని, మోయించువానిది కాదు. ఈ నియమమును తీర్మాన పుస్తకమున వ్రాసికొనిన పిమ్మటనే సంఘము వెల విచారింపవలెను.