వేలిముద్ర పడని ఒక్కరు



ప్రభుత్వమూ సేవాసంస్థలూ నేడు ప్రజల పనులను చాలావరకు యంత్రాల సాయంతోనే నడుపుతున్నాయి. రేషను బియ్యం, పింఛను, పొలం రికార్డు, ఆసుపత్రి చీటీ, అన్నీ ఏదో ఒక నంబరుకు ముడిపడ్డాయి. ఇది దేవుని వరమని పొగిడేవారున్నారు. సాతాను పన్నాగమని భయపెట్టేవారూ ఉన్నారు. దర్శన గ్రంథంలోని మృగం సంఖ్యను ఆధార్ కార్డులో వెదికిన బోధకులూ లేకపోలేదు! కథోలిక విశ్వాసులకు ఈ రెండు దారులూ తగవు. మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఈ యంత్రం ఎవరికి మేలు చేస్తున్నది, ఎవరిని బయట నిలబెడుతున్నది?

మేలు జరిగిన చోట మేలనే చెప్పాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. లాభాపేక్ష లేని ఒక సంస్థ దానిని ప్రారంభించగా, ప్రభుత్వం చేయి కలిపి రాష్ట్రమంతటా విస్తరింపజేసింది. మూడంకెలు నొక్కితే బండి, ఆక్సిజను, శిక్షణ పొందిన మనిషి వచ్చే ఏర్పాటు అంతకుముందు మన పల్లెలు ఎరుగవు. గుండుగొలను మీదుగా పోయే జాతీయ రహదారి పక్కన నివసించేవారికి దీని విలువ నేను చెప్పనక్కరలేదు. లూకా సువిశేషంలోని మంచి సమరయుడు కూడా గాయపడినవానిని తన వాహనంపైనే ఎక్కించుకొని సత్రానికి చేర్చాడు కదా. కనికరానికి వాహనం అడ్డు కాదు.

పునీత థామస్ అక్వినాస్ వారు పనిముట్టు గురించి చక్కగా వివరించారు. గొడ్డలి కట్టెను కొడుతుంది నిజమే గాని, ఏ వస్తువు తయారు కావాలో గొడ్డలికి తెలియదు. అది వడ్రంగి బుద్ధిలో ఉంటుంది. పనిముట్టు చేసిన పనికి జవాబుదారీ దానిని నడిపించినవాడే. ఈ మాట గుర్తుంచుకొని రేషను దుకాణం దగ్గరకు రండి.

మన రాష్ట్రంలో 2015 నుండి రేషను దుకాణాలలో ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. కార్డుదారు వేలు పెడితే, ఆ ముద్ర ఆధార్‌లో ఉన్నదానితో సరిపోలితేనే బియ్యం. కాటా కూడా ఆ యంత్రానికే కలిపారు. దీనివలన దొంగ కార్డుల మీద సరుకు పోవడానికి అడ్డుకట్ట పడింది. ఏ ఊరిలో ఉంటే ఆ ఊరి దుకాణంలోనే బియ్యం తీసుకునే వీలు కలిగింది. 2019 ఆగస్టులో దేశంలో మొట్టమొదటగా ఈ వీలును రాష్ట్ర సరిహద్దు దాటించినది కూడా ఆంధ్ర, తెలంగాణలు, గుజరాత్, మహారాష్ట్రలే. కూలి పనికై వలస పోయే కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు.

అయితే వేలు అరిగిపోతే? మన పల్లెల్లో బురదలో నాట్లు వేసిన చేతులు, సున్నం కలిపిన చేతులు, చేపలూ రొయ్యలూ ఒలిచిన చేతులు ఎన్ని లేవు! ఏళ్ల తరబడి పనిచేసిన వేలిపై గీతలు అరుగుతాయి. ముసలితనంలో చర్మం ఎండి ముడతలు పడుతుంది. అంటే ఎక్కువ కష్టపడినవారి ముద్రే యంత్రానికి తక్కువగా దొరుకుతుంది. ఊరంతా ఎరిగిన ముసలమ్మను యంత్రం ఎరగనంటుంది. వేలు తుడిచి, తడిపి, పది వేళ్లూ మార్చి పెట్టినా పడక, "మిషను ఒప్పుకోలేదమ్మా, రేపు రా" అన్న మాట విని ఖాళీ సంచితో ఇంటికి తిరిగిపోయేవారిని మీరూ చూసే ఉంటారు.

ఆ మాటను కాస్త నిదానంగా పరిశీలించండి. మిషనుకు ఒప్పుకునే బుద్ధి లేదు, కాదనే బుద్ధీ లేదు. ముద్ర పడకపోతే బియ్యం ఇవ్వకూడదని ఎవరో మనిషి నియమం రాశాడు. మరొక మనిషి దానిని అమలు చేశాడు. ఇద్దరూ యంత్రం చాటున నిలబడ్డారు.

ఇందుకు మంచి రుజువు ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ పింఛన్లకూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టారు. కార్తీక్ మురళీధరన్ మొదలైన ఆర్థికవేత్తలు 8 జిల్లాలలో 157 మండలాలను తీసుకొని దీనిని పరీక్షించారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది, పేదలెవరూ పెద్దగా నష్టపోలేదు. తరువాత వారే ఝార్ఖండ్‌లో రేషనుకు ఆధార్ ముడిపెట్టిన తీరును పరిశీలించగా, అక్కడ నిజమైన హక్కుదారులు కొందరు బియ్యం కోల్పోయినట్టు తేలింది. రెండు చోట్లా వేలిముద్రే. ఇక్కడ కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లించే దారి మూసివేయలేదు. అక్కడ ఆ దారి ఇరుకైపోయింది.

నూటికి తొంభైతొమ్మిది మందికి ముద్ర పడితే ఏ కార్యాలయమైనా అది విజయమని రాసుకుంటుంది. లూకా సువిశేషం 15వ అధ్యాయంలో కాపరి లెక్క అలా లేదు. తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెళ్లాడు. లెక్కల మాస్టారు చూస్తే అది తెలివితక్కువ పనే! కాని బియ్యం విషయంలో ఆ ఒక్కరు చాలాసార్లు పిల్లలు దగ్గర లేని ముసలివారో వితంతువులో అయివుంటారు.

11వ పియూస్ పాపుగారు 1931లో వెలువరించిన 'క్వాద్రజేసిమో ఆన్నో' విశ్వలేఖలో, కింది సమూహం చేయగల పనిని పైవారు లాక్కోకూడదనీ, దానికి తోడ్పడాలనీ బోధించారు. ముసలమ్మ ఎవరో చెప్పడానికి ఢిల్లీలోని కంప్యూటరు కంటే ఆ వీధివారే మేలైన సాక్షులు. మన రాష్ట్రంలో ముద్ర పడనివారికి వి.ఆర్.వో. ముద్రతో సరుకు ఇచ్చే పద్ధతి పెట్టడంలో ఈ వివేకం ఉన్నది. 2025 జూన్ నుండి 65 ఏళ్లు దాటినవారికీ వికలాంగులకూ ఇంటివద్దే సరుకు అందించాలన్న నిర్ణయమూ అటువంటిదే. నియమం కాగితం మీద ఉండటం వేరు, గుమ్మం దాకా రావడం వేరు అనుకోండి.

యంత్రం కంటికి ఆననిది ఇంకొకటి మన కొల్లేరులోనే ఉన్నది. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ లోపలి చేపల చెరువుల గట్లను పొక్లయిన్లతో తెగ్గొట్టారు. సరస్సు ఊపిరి పీల్చుకోవాలన్నది న్యాయమైన కోరిక, అందులో నాకు సందేహం లేదు. ఆకాశం నుండి తీసిన ఉపగ్రహ చిత్రం చెరువు గట్టును స్పష్టంగా చూపగలదు. అది ఎవరి బువ్వ అన్నది చూపలేదు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలకు ఇప్పించిన చెరువూ, డబ్బున్న ఆసామి కౌలు పేరుతో కలుపుకున్న చెరువూ పైనుండి చూస్తే ఒకే రంగు. ఆ తేడా తెలియాలంటే లంక గ్రామాలలో కూర్చొని మాట్లాడాలి. సాంకేతిక సాధనాలు తటస్థమైనవి కావనీ, అవి మన జీవితాన్ని ఒక అచ్చులో పోస్తాయనీ ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో హెచ్చరించినది ఇటువంటి వాటిని గురించే.

ఇక విచారణలో చేయదగిన పని చెబుతాను. విన్సెంట్ డి పాల్ సభవారు, మరియదళం వారు ఇళ్లు దర్శించేటప్పుడు జపమాలతో పాటు ఒక ప్రశ్న కూడా వేయండి: "అమ్మా, పోయిన నెల బియ్యం అందిందా?" అందకపోతే ఎందుకో కనుక్కోండి. ముద్ర పడనివారిని ఆధార్ కేంద్రానికి తీసుకుపోయి వేలిముద్రలూ కంటిపాపా మళ్లీ నమోదు చేయించండి. దుకాణంలో కాదన్నప్పుడు సచివాలయానికి వెంట వెళ్లి అడగండి, లేదా 1967కు ఫోను చేయండి. చదువుకున్న మన యువతీ యువకులకు ఇది ఒక పూట పని. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పెద్దవారి ఆధార్ నంబరు, బ్యాంకు పుస్తకం, ఫోనుకు వచ్చే ఓటీపీ ఇతరుల చేతికి పోకూడదు. సాయానికి వెళ్లినవారు కూడా వాటిని రాసి ఉంచుకోకూడదు. పని అయిన తరువాత కాగితాలన్నీ ఆ పెద్దవారి చేతికే తిరిగి ఇచ్చి రండి.