పరుగులో పిక్కపట్టు

ఒక ఉన్నత పాఠశాలలో వార్షిక క్రీడలు జరుగుచుండెను. ఉదయము పది గంటలు దాటినది. ఎండ అప్పుడే చుఱుక్కుమనుచుండెను. 1500 మీటర్ల పరుగుపందెములో ఎనిమిదవ తరగతి బాలుడొకడు అందరికంటె ముందుండెను. అతని తండ్రి ఆనాటికి పొలము పని మానుకొని, కుమారుని గెలుపు చూడవచ్చి, మైదానపు అంచున నిలిచియుండెను. ఇంక నూఱు మీటర్లు మాత్రమే మిగిలియుండగా ఆ బాలుడు కెవ్వున కేకవైచి కూలబడెను. అతని కుడికాలి పిక్క ముద్దకట్టి రాయివలె గట్టిపడినది.

క్షణములో గుంపు చేరినది. ఒకడు పిక్కపై పిడికిట గ్రుద్దసాగెను. మఱియొకడు కాలు పట్టి గుంజెను. వేఱొకడు సోడా తెండని అఱచెను. అంతలో వ్యాయామోపాధ్యాయుడు వచ్చి అందరిని దూరముగా జరిపెను. ఆయన బాలుని కాలు నేలపై చాపి, మోకాలు వంగకుండ ఒక చేత అదిమిపట్టి, రెండవ చేత పాదమును మెల్లగా మోకాలివైపునకు వంచి, కదల్పక అట్లే పట్టుకొనెను. ముప్పది అంకెలు లెక్కించునంతలో పిక్క సడలినది.

బాలుడు లేచి, “అయ్యా! నొప్పి పోయినది. పరుగెత్తెదను, సెలవిండు” అని కన్నీళ్లతో వేడెను.

“వలదు, నాయనా! అలసిన కండరము మఱల పట్టివేయును. పందెము వచ్చే యేడును ఉండును. నేడు నెమ్మదిగా నడిచి రమ్ము” అని ఉపాధ్యాయుడు అతనిని తండ్రికడకు తోడ్కొనిపోయెను.

కండరము మన ప్రయత్నము లేకయే బిగుసుకొని, సడలకుండుటను పట్టు అందురు. ఇది తిమ్మిరి కాదు. తిమ్మిరిలో స్పర్శ మందగించును. పట్టులో నొప్పి దుర్భరముగా నుండును. పరుగెత్తువారికి డొక్కలో వచ్చు పోటు కూడ దీనికంటె వేఱు. నిండు కడుపుతో పరుగెత్తినచో ఆ పోటు తఱచుగా వచ్చును. వేగము తగ్గించి, కొంచెము ముందునకు వంగి, నిదానముగా శ్వాస తీసి విడిచినచో అది చాలవఱకు తగ్గును.

పట్టునకు కారణమేమి? చెమటతోపాటు ఉప్పు పోవుటయే కారణమని చిరకాలము నమ్మిరి. ఆ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. ఇంగ్లండులోని బొగ్గుగనులలో మిక్కిలి వేడిమియందు పనిచేయు కార్మికులకు ఇట్టి పట్లు వచ్చుచుండెను. వారికి చెమట విపరీతముగా కాఱెడిది. దప్పికకు వట్టి నీరే త్రాగెడివారు. నీటిలో కొంచెము ఉప్పు కలిపి త్రాగించినచో మేలు కలుగుచున్నదని 1923లో మాస్ అను పరిశోధకుడు ప్రకటించెను.

కాని పరుగెత్తువారికి వచ్చు పట్లన్నిటికిని ఇదియే కారణము కాదు. చలిదేశములలో పరుగెత్తువారికిని పట్లు వచ్చుచున్నవి. దక్షిణాఫ్రికాకు చెందిన ష్వెల్నస్ అను వైద్యుడు 1997లో మఱియొక కారణమును సూచించెను. కండరమునకు బిగియుమని చెప్పు నాడులు కొన్ని, సడలుమని చెప్పునవి కొన్ని కలవు. కండరము మితిమీఱి అలసినపుడు ఈ రెంటి పొందిక చెడి, బిగియుమను ఆజ్ఞయే మిగులునట. ఆయనయు, సహచరులును 56 కిలోమీటర్ల పందెములో పరుగెత్తినవారిని పరీక్షించి, 2004లో ఫలితములను ప్రకటించిరి. పట్టు వచ్చినవారికిని రానివారికిని శరీరములోని నీటి విషయమున చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. పండితులలో చర్చ నేటికిని ముగియలేదు. ఐనను అలసట ముఖ్యకారణమని పలువురు తలచుచున్నారు. మెల్లగా సాగదీయుటవలన పట్టు విడుటకును ఇందులోనే సమాధానము కలదు. కండరమును సాగదీసినపుడు దానిని ఎముకతో కలుపు స్నాయువు లాగబడి, సడలుమను ఆజ్ఞ మఱల బలపడును.

తొడ వెనుకభాగము పట్టినచో కాలు చాపి, నడుమునుండి మెల్లగా ముందునకు వంగవలెను. తొడ ముందుభాగము పట్టినచో మోకాలు మడిచి, మడమను పిఱుదువైపునకు తేవలెను. ఎచ్చట పట్టినను గుంజరాదు, గ్రుద్దరాదు. పట్టు విడిన పిమ్మట మెల్లగా మర్దన చేయవచ్చును.

రాకుండ చూచుకొనుట ఇంతకంటె మేలు. ఉపాధ్యాయుడు విచారింపగా ఆ బాలుని సంగతి బయటపడినది. జ్వరము వచ్చుటచే అతడు మూడు వారములు అభ్యాసము చేయలేదు. ఐనను తండ్రి యెదుట వెనుకపడుట కిష్టములేక, మొదటి చుట్టులోనే శక్తినంతయు వెచ్చించెను. కాలికి అలవాటులేని వేగమును ఒక్కనాడు కోరినచో అది యెట్లు నెఱవేర్పగలదు? పరుగెత్తు దూరమును వారము వారము కొంచెముగా పెంచవలెను. పందెమునకు ముందు పది నిమిషములు నడిచి, మెల్లగా పరుగెత్తి, దేహమును వేడిచేసికొనవలెను. ఎండకాలమున దప్పికకు తగినంత నీరు త్రాగవలెను. చెమట మిక్కుటముగా కాఱినపుడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. మేలని విని మితిమీఱి నీరు త్రాగుటయు అపాయకరమే.

ఒక్క విషయమున మాత్రము జాగు చేయరాదు. ఎండలో పరుగెత్తినవాడు తూలుచు, పొంతనలేని మాటలాడుచు, ఒడలు కాలిపోవుచున్నచో అది పిక్కపట్టు కాదు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల చన్నీటితో తడుపుచు, విసరుచు, 108 వాహనమును పిలిపింపవలెను.

మఱుసటి యేడు ఆ బాలుడు దసరా సెలవులనుండియే అభ్యాసము సాగించెను. పందెమునాడు మొదటి చుట్టులో అతడు అయిదవవాడు. ప్రక్కవారు హేళన చేసినను తొందరపడలేదు. కడపటి చుట్టులో ఇద్దరిని దాటి మూడవవాడై గీటు చేరెను. అంచున నిలిచిన తండ్రికడకు ఈసారి ఎవరి చేయూతయు లేక, నవ్వుచు నడిచివెళ్లెను.