ఇంటి నూనెలతో సబ్బు: తయారీ, అమ్మకము



కోనసీమలో కొబ్బరి, పాలమూరు, నల్లగొండ మెట్టలలో ఆముదము, పశ్చిమ గోదావరి, ఖమ్మం ప్రాంతములలో ఆయిల్‌పామ్, చాల చోట్ల నువ్వులు పండించుచున్నాము. గింజలను, కాయలను అమ్మివేసి, అట్టి నూనెలతోనే చేసిన సబ్బును తిరిగి అంగడిలో కొనుచున్నాము. "మా నూనెతో మేమే సబ్బు చేసి అమ్ముకొనరాదా?" అని శిక్షణకు వచ్చు రైతులు, ముఖ్యముగా ఇంటి ఆడవారు, తరచు అడుగుచుందురు. చేసికొనవచ్చును. పెద్ద యంత్రములు అక్కరలేదు. అయితే ఈ పనికి రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి గ్రాము వరకు చూపు త్రాసు, రెండవది లెక్కల పుస్తకము. త్రాసు లేనిచో చర్మము కాలును. పుస్తకము లేనిచో పెట్టుబడి కరగును.

సబ్బు రాకముందు మన ఊళ్ళలో తలకు కుంకుళ్ళు, సీకాయ వాడిరి. చాకలివారు బట్టలకు చౌడు మట్టి వాడిరి. పంటకు పనికిరాదని మనము విసుగుకొను ఆ చౌడు నేలలోని సోడా క్షారమే మురికిని వదలించెడిది. నేడు మనము వాడు కాస్టిక్ సోడా అంతకంటె ఎన్నో రెట్లు తీవ్రమైనది. ఈ క్షారమును నీటిలో కరగించి నూనెతో కలిపినప్పుడు రెండును తమ గుణములను కోల్పోయి సబ్బుగను, గ్లిసరిన్‌గను మారును. పెద్ద కర్మాగారములు గ్లిసరిన్‌ను వేరుచేసి విడిగా అమ్ముకొనును. చేతి సబ్బులో అది అందులోనే నిలిచియుండును. ఒంటికి చేతి సబ్బు మెత్తగా తోచుటకు ఇది ఒక కారణము.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ప్రతి నూనె ఒకే పాళ్ళలో క్షారమును తీసికొనదు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బగుటకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. పామాయిలుకు 141, నువ్వుల నూనెకు 134, ఆముదమునకు 128 గ్రాములు చాలును. కొబ్బరినూనెకు సరిపడు సోడాను కిలో ఆముదములో వేసినచో 55 గ్రాముల క్షారము మిగిలిపోవును. ఆ సబ్బుతో స్నానము చేసినవాని ఒళ్ళు మండి తీరును. చిన్న బిడ్డ ఒంటికి రుద్దిన సంగతి చెప్పనక్కరలేదు. కనుక ఒకరు చెప్పిన కొలతలో నూనె మార్చినప్పుడెల్ల సోడా లెక్కను తిరిగి కట్టవలెను. గ్లాసులతో, గరిటెలతో కొలుచుట అసలు కూడదు. పలుకుల సోడా, గుండ్ల సోడా ఒకే గ్లాసులో ఒకే బరువు తూగవు.

ఒక మంచి కూర్పును ఉదాహరణగా తీసికొందము. పామాయిలు 500 గ్రాములు, కొబ్బరినూనె 300, నువ్వుల నూనె 100, ఆముదము 100, మొత్తము ఒక కిలో. పై లెక్కన వీనికి వరుసగా 70.5, 54.9, 13.4, 12.8 గ్రాముల సోడా, అనగా మొత్తము 151.6 గ్రాములు కావలెను. ఇందులో నూటికి 5 పాళ్ళు తగ్గించి 144 గ్రాములే వేయవలెను. ఈ తగ్గింపు వలన కొంత నూనె మిగిలి చర్మమునకు మేలు చేయును. నూనె గుణములో గాని, తూకములో గాని స్వల్ప తేడా వచ్చినను ప్రమాదము ఉండదు. నీరు 300 గ్రాములు. కొబ్బరినూనె నురుగును, గట్టిదనమును ఇచ్చును. పామాయిలు సబ్బు త్వరగా అరగకుండ చూచును. ఆముదము నురుగును నిలుపును. నువ్వుల నూనె చర్మమునకు మంచిదే గాని, ఎక్కువ వేసినచో సబ్బు మెత్తబడి, కొన్ని నెలలకు నారింజ రంగు మచ్చలు పడి మక్కువాసన వచ్చును. పిండివంటలు వేయించి మిగిలిన నూనెను బట్టల సబ్బుకు వాడుడు, ఒంటి సబ్బుకు వద్దు.

బోరు నీటితో సబ్బు చేయరాదు. మన మెట్ట ప్రాంతముల నీటిలోని సున్నపు లవణములు సబ్బుతో కలిసి తెట్టువలె విరుగును. బ్యాటరీలకు పోయు శుద్ధజలము గాని, శుభ్రముగా పట్టిన వాననీరు గాని వాడవలెను.

కాస్టిక్ నీటిని కలుపు పని ఇంటిలో గాక చెట్టు క్రిందనో, గాలి వచ్చు వసారాలోనో చేయవలెను. పిల్లలను, పశువులను దరికి రానీయరాదు. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. ముందు నీటిని పాత్రలో పోసి, తరువాత సోడాను కొద్దికొద్దిగా అందులో చల్లుచు కలుపవలెను. సోడా మీద నీరు పోయుట ఎన్నటికిని చేయరాదు. ఒక్కసారిగా పొంగి ముఖము మీదికి చిందును. సోడా కరగునప్పుడు నీరు పొయ్యి మీద పెట్టినట్లు వేడెక్కి, ఘాటైన ఆవిరి వచ్చును. ఆ ఆవిరిని పీల్చరాదు. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుది గాని, వేడికి ఓర్చు మందపాటి ప్లాస్టిక్‌ది గాని కావలెను. అల్యూమినియం గిన్నె వాడినచో క్షారము ఆ లోహమును తినివేసి, అంటుకొను గుణము గల వాయువును పుట్టించును. మన వంటయిండ్లలో అల్యూమినియం గిన్నెలే ఎక్కువ కనుక ఈ మాట గట్టిగా చెప్పవలసివచ్చుచున్నది. క్షారపు నీరు ఒంటి మీద పడినచో వెంటనే ధారగా మంచినీటితో 15, 20 నిమిషములు కడుగవలెను. పులుసు, నిమ్మరసము పూయరాదు. కంటిలో పడినచో కడుగుచునే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కాస్టిక్ నీరు, నూనెల మిశ్రమము రెండును గోరువెచ్చగా ఉన్నప్పుడు నీటిని నూనెలో సన్నని ధారగా పోయుచు కలియబెట్టవలెను. చేతి గరిటెతో అయినచో చాలసేపు పట్టును. కరెంటు కవ్వముతో కొద్ది నిమిషములే. మిశ్రమము దోసెల పిండివలె చిక్కబడి, గరిటెతో పైనుండి జార్చిన గీత కొంచెముసేపు నిలిచినచో అచ్చులో పోయు అదను వచ్చినదని తెలియవలెను. సువాసనకు నిమ్మగడ్డి నూనె వేయదలచినచో కిలో నూనెకు 20 గ్రాములకు మించకుండ ఈ దశలోనే వేయవలెను. కాగితము పరచిన చెక్క అచ్చులో పోసి, గోనెపట్టా కప్పి, మరునాడు ముక్కలుగా కోయవచ్చును. ఇంకను మెత్తగా ఉన్నచో ఒకరోజు ఆగుడు. ఇంతవరకును తొడుగులు తీయరాదు, పచ్చి సబ్బు చేతిని కొరుకును.

కోసిన ముక్కలను నీడలో, గాలి ఆడు తట్టలలో ఎడముగా పేర్చి ఆరు వారములు ఆరబెట్టవలెను. ఈ ఆరు వారములకు ఓపిక లేనివారు ఈ పనికి దిగకుండుటే మేలు. పై కూర్పులో గిన్నెకు అంటినది పోగా సుమారు 1,400 గ్రాముల పచ్చి సబ్బు వచ్చును. దానిని 116 గ్రాముల ముక్కలుగా కోసినచో 12 వచ్చును. ఆరిన తరువాత ఒక్కొక్కటి సుమారు 100 గ్రాములు తూగును. రాయలసీమ ఎండగాలిలో త్వరగా ఆరును. కోస్తాలో వర్షాకాలమున గ్లిసరిన్ గాలిలోని చెమ్మను పీల్చుకొని సబ్బు చెమర్చును. అక్కడివారు శ్రావణ, భాద్రపదములలో అమ్మవలసిన సరకును వేసవిలోనే చేసి ఉంచుకొనుట తెలివి.

పసుపు గూర్చి ఒక మాట. రంగు కొరకు పసుపు వేసినవారు సబ్బు ఎర్రబారుట చూచి క్షారము మిగిలినదని భయపడుదురు. పసుపు, సున్నము కలిపినప్పుడు పారాణి ఎర్రనగుట మనకు తెలిసినదే. మంచి సబ్బు కూడ స్వభావముచేత కొంత క్షారగుణము గలదే కనుక పసుపు అందులోను ఎర్రనగును. కాబట్టి పసుపు పరీక్ష పనికిరాదు. మందుల దుకాణములలోను, ప్రయోగశాల సరకులు అమ్మువారి వద్దను దొరకు పి.హెచ్. కాగితమును తడి సబ్బుకు అద్ది చూడుడు. 9, 10 మధ్య చూపుట సహజము. 11 దాటినచో ఆ తడవ సబ్బును బట్టలకు వాడుకొనుడు గాని అమ్మవలదు.

ఇక అమ్మకము. మనవారు ఎక్కువగా దెబ్బతినునది ఇక్కడనే. అంగడి సబ్బు ధర చూచి అంతకంటె ఒక రూపాయి తక్కువకు అమ్మబోవుదురు. టన్నులలో నూనె కొను కర్మాగారముతో ఆ పోటీ మనకు చెల్లదు. ఊహకు కొన్ని ధరలు వేసి లెక్క చూతము. మీ ఊరి ధరలను మీరు వేసికొనుడు. కొబ్బరినూనె కిలో 400, పామాయిలు 140, నువ్వుల నూనె 350, ఆముదము 200 రూపాయలు అనుకొన్నచో, సోడాతో కలిపి పై కూర్పుకు 260 రూపాయలగును. ఒక రోజున అయిదు కిలోల నూనెతో 60 సబ్బులు చేసితిరనుకొనుడు. నూనె, సోడా 1,300. సువాసన నూనె 150. చుట్టు కాగితము, చీటీ 180. చేయుటకు, కోయుటకు, చుట్టుటకు ఒక మనిషి కూలి 500. మొత్తము 2,130 రూపాయలు. విరిగినవి మూడు తీసివేయగా 57 సబ్బులు. ఒక్కొక్కదానికి 37 రూపాయలకు పైగా పడినది. కూలి మన ఇంటి మనిషిదే కదా అని దానిని వదలరాదు. ఆమె ఆ రోజు పత్తి తీయుటకు పోయినచో కూలి వచ్చెడిది కదా!

ఈ సబ్బును 50 రూపాయలకు మీరే సంతలోనో, రైతు బజారు దగ్గరనో, తెలిసినవారి ఇండ్లకో అమ్మినచో 12 రూపాయలు పైగా మిగులును. అదే 50 ధరకు దుకాణమున పెట్టి, దుకాణదారు నూటికి 30 తీసికొన్నచో మీ చేతికి వచ్చునది 35. ప్రతి సబ్బు మీద రెండు రూపాయలకు పైగా నష్టము. దుకాణమునకు ఇయ్యవలెనన్నచో ధర 60కి తగ్గరాదు. వారమునకు ఒక తడవ చేయువారికి మొదటి తడవ ఆరునప్పటికి ఆరు తడవల ఖర్చు, సుమారు 12 వేల రూపాయలు, తట్టలలో ఆరుచుండును. అప్పు తెచ్చి చేయువారు వడ్డీని కూడ లెక్కలో చేర్చుకొనవలెను. నాకు తోచినంతలో గానుగ నుండి నేరుగా ఇంటివాడకమునకు మంచి ధర పలుకు నువ్వుల నూనెను సబ్బులో పోయుట కంటె నూనెగా అమ్ముటే లాభము. సబ్బుకు కావలసిన 100 గ్రాములు ఉంచుకొన్న చాలును.

ఒంటి సబ్బు 1940 నాటి ఔషధముల, సౌందర్య సాధనముల చట్టము క్రిందికి వచ్చును. అమ్మకమునకు చేయువారు 2020 నాటి నిబంధనల ప్రకారము రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుండి లైసెన్సు పొందవలెను. ముందుగా ఇంటివాడకమునకు చేసికొని చేయి తిరిగిన తరువాత, నలుగురైదుగురు కలిసి ఒకే లైసెన్సు మీద పని పెట్టుకొనుట ఖర్చుకు అనువు. చీటీ మీద తయారీదారు పేరు, చిరునామా, వాడిన పదార్థములు, నికర బరువు, తయారైన నెల, తడవ సంఖ్య, గరిష్ఠ ధర ఉండవలెను. వేప నూనె వేసిన సబ్బు మీద "గజ్జి, తామర మాన్పును" అని వ్రాయరాదు. అట్లు వ్రాసినచో చట్టము దానిని మందుగా ఎంచును. బరువును చుట్టునాడు తూచి వ్రాయుడు, కోసిననాటి బరువు కాదు. త్రాసుకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండవలెను.

ప్రతి తడవకు పుస్తకములో ఒక పుట కేటాయించి, తేది, ఏ నూనె ఎంత, ఎక్కడ కొన్నది, సోడా ఎంత, ఎన్ని ముక్కలు వచ్చినవి, ఎవరికి అమ్మినది వ్రాయుడు. ఎవరైన ఒళ్ళు మండినదని సబ్బు తెచ్చి చూపినచో చీటీ మీది సంఖ్యను బట్టి ఆ పుట తీసి, ఆ తడవలో మిగిలిన ముక్కలను అమ్మకుండ ప్రక్కన పెట్టవచ్చును.