పాత పెట్రోల్ వ్యాను ఆగి ఆగి నడుస్తోందా? పంపు మార్చే ముందు ఎర్త్ చూడండి

పంట సంగతి కాదు, ఈసారి బండి సంగతి. పైన వీడియోలో చూపించిన పనినే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా పాత వ్యాను వారానికి రెండుసార్లు ఒంటిమామిడి మార్కెట్‌కు కూరగాయలతో పోతది. మిగతా రోజుల్లో గోమూత్రం డబ్బాలు మోస్తది. ఎకరాకు 200 లీటర్ల జీవామృతం కలపాలంటే 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం కావాలి కదా, ఊర్లు తిరిగి తెచ్చుకుంటం. మొన్న తెల్లవారుజామున రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ చౌరస్తా దాటంగనే బండి కుదుపులు పెట్టి ఆగింది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అయింది, కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. మార్కెట్‌కు చేరేసరికి పాలకూర వాడిపోయింది, సగం ధరకు ఇచ్చి వచ్చిన.

ఒక మెకానిక్ చూసి పంపు పోయిందన్నడు. కొత్త పంపంటే వేలల్లో మాట. ఇంకో పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే, "తొందరపడకు తమ్మీ, పంపుకు కరెంటు సక్కగ అందుతుందో లేదో చూద్దాం" అన్నడు.

ముందు చెవితో చూడాలి. తాళం ఆన్ చేయంగనే ట్యాంకులో రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మనాలి. అసలే శబ్దం లేకపోతే ఫ్యూజు, తర్వాత రిలే చూడండి. హారన్ రిలే అదే నంబరుది అయితే మార్చి పెట్టి చూడొచ్చు. ఫ్యూజు పోయిందని వైరు ముక్క మాత్రం చుట్టకండి, పెట్రోల్ దగ్గర అది నిప్పుతో ఆట. (కార్బురేటర్ బండ్లలో సాధారణంగా ఇంజనే తిప్పే పంపు ఉంటది కాబట్టి ఈ శబ్దం రాదు, భయపడకండి.)

మా బండిలో శబ్దం వస్తుంది, కానీ నీరసంగా. పంపు ప్లగ్గు ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపించింది. చాలామంది ఇక్కడే మోసపోతరు. డ్రిప్ ఫిల్టర్ మూసుకుపోయినా, వాల్వు కట్టేసి ఉంటే ముందూ వెనకా గేజీ ఒకటే చూపిస్తది. వాల్వు తిప్పితేనే ప్రెషర్ పడిపోయింది తెలుస్తది. కరెంటూ అంతే. ప్లగ్గు తగిలించి, పంపు తిరుగుతుండగానే కొలవాలి.

అట్ల కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.3, పంపు దగ్గర 9.4 వచ్చింది. తర్వాత మీటరు ఒక పిన్ను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది పంపు ఎర్త్ వైరుకు పెట్టినం. అక్కడ దాదాపు సున్నా రావాలి. 2.6 వచ్చింది. దొంగ దొరికిండు.

ఫ్లోరు మ్యాటు లేపితే ఎర్త్ బోల్టు చుట్టూ పచ్చటి చిలుము. గోమూత్రంలో లవణాలు, అమ్మోనియా ఉంటయి. డబ్బా మూత నుంచి కారిన చుక్కలు నెలల తరబడి రాగిని తినేసినయి. తప్పు నాదే. నడిచే కొద్దీ ఆ జాయింటు వేడెక్కి అడ్డం పెరుగుతది, పంపు నెమ్మదిస్తది, పెట్రోల్ ప్రెషర్ తగ్గి ఇంజను ఆగుతది. చల్లారితే మళ్లీ నడుస్తది.

ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసినం. ఎర్రటి రాగి కనబడేదాకా వైరు కోసి కొత్త లగ్గు వేసి, రేకును ఉప్పు కాగితంతో తెల్లగా రుద్ది, బోల్టు గట్టిగా బిగించి పైన గ్రీజు పూసినం. పంపు దగ్గర 11.9 వచ్చింది. పాత పంపే ఇప్పటికీ నడుస్తుంది.

కరెంటు బాగుండి కూడా ఇట్లనే ఆగితే పెట్రోల్ ఫిల్టర్ మార్చండి. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. అది నీటిని పీల్చుకుంటది, పాత రబ్బరు పైపులను పాడు చేయొచ్చు, ట్యాంకు అడుగు మడ్డిని కదిలించొచ్చు. పైపుల దగ్గర పెట్రోల్ వాసన వస్తే బండి తీయనే వద్దు. ట్యాంకు ఎప్పుడూ రిజర్వులో నడపకండి, పంపును చల్లబరిచేది అందులో ఉన్న పెట్రోలే.

గోమూత్రం డబ్బాల కింద ఇప్పుడు అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెడుతున్నం. అది ఎట్ల కట్టినమో వీడియో చివర్లో ఉంది.