పాత సర్వరుతో ప్రతుల భాండాగారము

విద్యార్థులారా! మార్కుల పట్టికలు, కుటుంబ ఛాయాచిత్రములు ఒక్క డిస్కునందే యున్నచో, అది చెడిన దినమున అన్నియు పోవును. రెండవ ప్రతికి పాత యంత్రమే చాలును.

హెచ్‌పీవారు 2007వ సంవత్సరమున వెలువరించిన మీడియాస్మార్ట్ సర్వరునకు నాలుగు డిస్కుల అరలు గలవు. తెర తగిలించు మార్గము మాత్రము లేదు. దానిలోని విండోస్ హోమ్ సర్వరునకు మైక్రోసాఫ్టువారి సంరక్షణ 2013 జనవరి 8వ తేదీతో ముగిసెను. కావున లినక్సును వేఱొక కంప్యూటరునందు క్రొత్త డిస్కుపై స్థాపించి, ఆ డిస్కును ఇందు చేర్పవలెను. అరిగిన పాత డిస్కును నమ్ముట ఓటికుండలో నీరు దాచుటయే.

రాత్రివేళ నెట్‌వర్కుమీదుగా ప్రతులు తీయుటకు గొప్ప వేగ మక్కఱలేదు; ఆర్‌సింక్ అను సాధనము మాఱిన భాగములనే పంపును. అయితే మూలమున పొరపాటున చెఱిపినది ప్రతియందును చెఱిగిపోవచ్చును. అందుచేత తేదీవారీగా వేర్వేఱు ప్రతులు నిలుపవలెను. మాఱని దస్త్రములకు హార్డ్‌లింకు వేసినచో రెండవమాఱు స్థలము పట్టదు. నెలకొకమాఱు ఏదేని దస్త్రమును వెనుకకు తెచ్చి తెఱచి చూడుడు.